ప్రతి వారం పట్టుబడే దొంగ

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది కొడుకే. లేచి మొహం కడుక్కోవడం తర్వాతి సంగతి. ముందు స్నానాలగది నేల తడిగా ఉందేమో చూడాలి. అతను ఒక పెద్ద ఫ్యాక్టరీలో భద్రతాధికారి. అక్కడ ఎవరూ జారకుండా, పడకుండా, పైనుంచి ఏదీ ఎవరి నెత్తినా ఊడిపడకుండా చూడటం అతని పని. ఆ పని ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగకుండా అతని వెంటే ఇంటికొచ్చేసింది. స్నానాలగదిలో రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలు బిగించాడు. మెట్ల అంచులకు పసుపు పట్టీలు అంటించాడు. హాల్లో తివాచీ కదలకుండా నాలుగు మూలలా జిగురు పెట్టాడు.

"నాన్నా, చెప్పులు వేసుకున్నావా?" అని తలుపు బయటి నుంచి అడిగాడు.

"వేసుకున్నాన్రా."

"రబ్బరువేనా?"

"రబ్బరువే. నమ్మకం లేకపోతే లోపలికొచ్చి కొరికి చూడు."

వంటగదిలో కాఫీ కలుపుతున్న నానమ్మ నవ్వాపుకోలేక చెంచా పక్కన పెట్టేసింది. తండ్రేమో పడుతూ ఇల్లు నడిపాడు, కొడుకేమో ఎవరూ పడకుండా చూస్తూ నడుపుతున్నాడు. ఈ మాట ఎన్నోసార్లు ఆవిడ నాలుక చివరిదాకా వచ్చేది. పైకి అనడానికి మాత్రం వీల్లేదు. అది ఆ ఇంట్లో ఎత్తకూడని మాట.

సంగతేమిటంటే, తాతయ్య వయసులో ఉన్నప్పుడు ఒక స్టూడియోలో పనిచేసేవాడు. ఆ రోజుల్లో టీవీలో వారానికోసారి దొంగల్ని పట్టే ఇన్‌స్పెక్టర్ సీరియల్ వచ్చేది. అది మొదలయ్యే వేళకు వీధులు ఖాళీ అయిపోయేవి. టోపీ పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్ ప్రతి వారం ఒక దొంగను చితకబాదేవాడు. కథ ఏదైనా, ఊరేదైనా, దెబ్బ తిని పడేది మాత్రం తాతయ్యే. మెట్ల మీంచి పడ్డాడు, చేపల బుట్టల్లో పడ్డాడు, పిండి బస్తాల మీద పడ్డాడు, ఒకసారి పెళ్లి కేకులో పడ్డాడు. మోకాళ్లకు, మోచేతులకు కట్టుకునే దూదిమెత్తలు నానమ్మే కుట్టిచ్చేది. నెత్తురనేది రంగు కలిపిన పంచదార పాకం. చొక్కా విప్పి గోడకు తగిలిస్తే తెల్లారేసరికి చీమలు బారులు తీరేవి. "చీమలు పట్టిన దొంగను లోకంలో నేనొక్కదాన్నే చేసుకున్నాను," అని ఆవిడ ఆయన్ని ఏడిపించేది.

అంతలో ఒక రోజు, బడి నుంచి కొడుకు చిరిగిన చొక్కాతో వచ్చాడు. ఏమైందంటే చెప్పలేదు. "నాన్న టీవీలో వస్తాడని ఎవరికీ చెప్పొద్దు. ఎప్పుడూ చెప్పొద్దు," అని మాత్రం తల్లి చేత ఒట్టు వేయించుకున్నాడు. పిల్లవాడి రోషం, నాలుగు రోజులు పోతే చల్లారుతుందిలే అనుకుంది. చల్లారలేదు. పెద్దవాడయ్యాడు, పెళ్లయింది, కూతురు పుట్టింది, ఆ పిల్ల కాలేజీకి కూడా వచ్చింది. మావగారు స్టూడియోలో సామాన్లు మోసేవారని తప్ప కోడలికి ఇంకేమీ తెలియదు. మనవరాలికి ఆ మాత్రం కూడా తెలియదు.

అలా తెలియని పిల్లే, వెతికి వెతికి, ఎవరో ఇంటర్నెట్లో పెట్టిన ఆ పాత సీరియల్‌నే పట్టుకుంది. ఒక్కో భాగాన్నీ టీవీ తెర మీద నడిపిస్తూ, పక్కన తను కూర్చుని వ్యాఖ్యానం చెబుతూ, ఫోనులో వీడియోలు తీసి పెడుతోంది. చూసేవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. సీరియల్ ముందొచ్చే సంగీతం వినపడితే చాలు, ఆమె తండ్రి లేచి వేరే గదిలోకి వెళ్లిపోతాడు. "నీకు ఇంకేమీ దొరకలేదా?" అని ఒకసారి అడిగాడు. అంతకు మించి అంటే ఎందుకో చెప్పాల్సి వస్తుంది కదా, ఊరుకున్నాడు.

తాతయ్యకు మాత్రం ఆ వీడియోలు ప్రాణమైపోయాయి. నిన్న సాయంత్రం కాళ్లు తుడుచుకుంటూ, తల ఎత్తకుండా, "ఒక్కసారి... ఆ పడేది నేనే అని చెప్పుకోవాలనుందే," అన్నాడు. మొగుడి ముచ్చట ఒకవైపు, కొడుక్కిచ్చిన మాట ఒకవైపు. "తువ్వాలు ఇటివ్వండి, ఆరేస్తాను," అని లేచిపోయింది.

ఫలహారాలయ్యాక కోడలు కళ్లద్దాల దుకాణానికి వెళ్లిపోయింది. ఆదివారమే అక్కడ గిరాకీ ఎక్కువ. కొడుకు స్క్రూడ్రైవరు తీసుకుని బాల్కనీ కడ్డీలు వదులయ్యాయేమో చూడటానికి పోయాడు. హాల్లో మనవరాలు ఫోనును స్టాండుకు తగిలించింది. తాతయ్య సోఫా చివర తన చోట్లో సర్దుకున్నాడు. నానమ్మ చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుంది.

"నేరాలంటే చెవి కోసుకునే మంచివాళ్లందరికీ నమస్కారం!" అని మొదలెట్టింది పిల్ల. "ఈ వారం కథలో ఊరి నడుమ గోపురం మీద పెద్ద గడియారం ఉంది. విలన్‌గారి పథకం వినండి. ఆ గడియారం ముళ్లు దొంగిలిస్తాడట. ముళ్లు లేకపోతే టైమెంతో ఊరికి తెలియదట. టైము తెలియకపోతే బ్యాంకు వాళ్లు తలుపులు మూయడం మర్చిపోతారట. అప్పుడు తాపీగా వెళ్లి దోచుకుంటాడట. సార్, ఇంత కష్టపడే ఓపిక ఉంటే ఉద్యోగమే చేసుకోవచ్చు కదా?"

తాతయ్య పకపకా నవ్వాడు.

"ఊరంతా గగ్గోలు పెడుతుంటే మన టోపీ ఇన్‌స్పెక్టర్ ఏం చేశాడో తెలుసా? చొక్కా చెయ్యి పైకి తోసి తన వాచీ చూసుకున్నాడు. అంతే! కేసు తేలిపోయింది. 'ఎలా కనిపెట్టారు సార్!' అని అసిస్టెంటు కళ్లు తేలేశాడు. ఎవరైనా పుణ్యాత్ములు ఆ అసిస్టెంటుకి ఒక వాచీ కొనిపెట్టండి."

"వాడు నిజంగానే అంత అమాయకుడు," అని తాతయ్య గొణిగాడు. నానమ్మ చిక్కుడుకాయతో ఆయన మోకాలి మీద పొడిచింది.

"ఇంకో సందేహం. పోయిన వారం మన సార్‌ని ఐసు గదిలో పెట్టి తాళం వేశారు. ఆ ముందు వారం నదిలోకి తోశారు. ఎప్పుడూ ఆ టోపీ అంగుళం జరగలేదు. నా అనుమానం, అసలు ఇన్‌స్పెక్టర్ ఆ టోపీయే. కింద ఉన్న మనిషి దాన్ని మోసే గుమాస్తా."

"ఆ నది నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయనీ! నాకైతే..." అని తాతయ్య నోరు జారాడు.

నానమ్మకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

"నీకెలా తెలుసు తాతయ్యా?"

"నదులన్నీ చల్లగానే ఉంటాయమ్మా. నువ్వు కానియ్."

"ఇదిగో, వచ్చేశాడు మన హీరో! టోపీ కాదండీ, మీసాల మావయ్య!" పిల్ల గొంతు హుషారెక్కింది. "పోయిన వారం వంతెన మీంచి పడి చచ్చిపోయాడు. ఈ వారం మెలితిప్పిన మీసం పెట్టుకుని మళ్లీ డ్యూటీకొచ్చేశాడు. చచ్చినా సెలవు పెట్టని ఉద్యోగి! ప్రతి వారం ఇతన్నే అరెస్టు చేస్తూ, 'నిన్నెక్కడో చూసినట్టుందే' అని ఒక్కసారైనా అనడే ఆ ఇన్‌స్పెక్టర్! ఈ మావయ్య ఎవరు, ఇప్పుడెక్కడున్నాడు అని మీరంతా రోజూ అడుగుతున్నారు. ఒకావిడైతే, వాళ్లమ్మ జబ్బు పడి తిండి మానేసినప్పుడు ఈయన పడటం చూసి నవ్వి నాలుగు ముద్దలు తిన్నదని రాశారు. నిజంగా నాకూ తెలియదండీ ఈయనెవరో."

తాతయ్య చేతులు రెండూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం నానమ్మ చూసింది.

తెర మీద ఇన్‌స్పెక్టర్ చెయ్యి విసిరాడు. మీసాల మనిషి గోపురం మెట్ల మీంచి వెనక్కి దొర్లుకుంటూ, మలుపు దగ్గర గోడకు తగిలి, మళ్లీ లేచి, మళ్లీ దొర్లి కిందకొచ్చి పడ్డాడు. పిల్ల అక్కడ ఆపింది.

"ఇక్కడ మాత్రం మనల్ని మోసం చేశారు. మనిషి ఇలా పడితే ఎముకలు మిగలవు. ఇది బొమ్మ. గడ్డి కుక్కిన బొమ్మకు చొక్కా తొడిగి విసిరేశారు. కావాలంటే చూడండి, చేతులెలా వేలాడుతున్నాయో."

"బొమ్మా?"

తాతయ్య లేచి నిలబడ్డాడు. నానమ్మ ఆయన చొక్కా పట్టుకుంది. ఆగలేదు.

"బొమ్మేంటి? ఏ బొమ్మ అలా మలుపు తిరిగి పడుతుంది? తాడు లేదు, పరుపు లేదు, కింద ఖాళీ అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు. చేతులు వదులుగా వేలాడేస్తేనే విరగవు, బిగపట్టావంటే అయిపోయావే! గడ్డి బొమ్మట! నేను నీకు గడ్డి బొమ్మలా కనపడుతున్నానా?"

పిల్ల చటుక్కున లేచింది. తెర దగ్గరకు వెళ్లి బొటనవేలితో ఆ మెలితిరిగిన మీసాన్ని కప్పింది. వెనక్కి తిరిగి తాతయ్యను చూసింది. మళ్లీ తెరను చూసింది.

"అమ్మో... తాతయ్యా! మీసాల మావయ్యవి నువ్వా?" అని ఒక్క గంతులో వచ్చి ఆయన మెడ పట్టుకుంది. "ఇన్నాళ్లూ సొంత తాతయ్యని పట్టుకుని మావయ్యా మావయ్యా అన్నానే!"

"అన్నావుగా, ఇక నన్ను అత్తయ్యా అను," అంది నానమ్మ. నవ్వుతూనే అంది కాని తల పక్కకు తిప్పింది. బాల్కనీ తలుపు తెరుచుకున్న చప్పుడు ఆవిడకు అప్పటికే వినపడింది.

కొడుకు లోపలికొచ్చాడు. స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. పెట్టిన తీరులోనే అంతా విన్నాడని తెలిసిపోయింది.

"అది తీసెయ్," అన్నాడు కూతురితో.

"డాడీ, నీకు తెలుసా? మన తాతయ్యే..."

"తెలుసు. తీసెయ్యమన్నాను."

"ఎందుకు? ఎంతమంది అడుగుతున్నారో తెలుసా ఈయన గురించి? సొంత తాతయ్య సంగతి మాకు చెప్పకుండా దాస్తారా? ఇదేమన్నా నేరమా?"

"నేరం సంగతి నాకు చెప్పకు. ఆ పడటాలు, ఆ తన్నులు తినడాలు ఎవరికీ చూపించక్కర్లేదు."

తాతయ్య ఫోను స్టాండుకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. ఆయన కొడుక్కి ఎదురు నిలబడటం నానమ్మ చూడటం అదే మొదటిసారి.

"ఒరే, నువ్వు పిల్లాడిగా ఉన్నప్పుడు వద్దన్నావు, సరే అన్నాను. నీ పెళ్లిలో మీ మావగారు 'మీరేం పని చేసేవారండీ' అని నన్నడిగితే సామాన్లు మోసేవాణ్ణన్నాను. ఇంకా ఎన్నాళ్లురా? నేనేమైనా దొంగతనం చేశానా? దొంగ వేషం వేశాను. బాగా వేశాను! ఒక్కసారి నేనే అని చెప్పుకోనీ."

"వద్దు నాన్నా."

"ఎందుకు వద్దు? నేనంటే నీకు సిగ్గా?"

"తప్పుకో నాన్నా!"

కొడుకు ఫోను అందుకోవాలని చెయ్యి విసురుగా చాపాడు. ఆ చెయ్యి తాతయ్య మొహం ముందు నుంచి వెళ్లింది.

తాతయ్య తల గిర్రున పక్కకు తిరిగింది. ఒళ్లంతా ఆ వెనకాలే తిరిగింది. రెండడుగులు తూలి, సోఫా చేతి మీంచి దొర్లి, ఢాం అని తివాచీ మీద వెల్లకిలా పడ్డాడు. తర్వాత కదల్లేదు.

నానమ్మ ఒళ్లోని పళ్లెం ఎగిరిపోయింది. పిల్ల కెవ్వుమంది. కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా! నేను కొట్టానా? అమ్మా, నా చెయ్యి తగిలిందా? నాన్నా! నాన్నా, లే!" అంటూ మోకాళ్ల మీద కూలబడిపోయాడు. ఫ్యాక్టరీలో ఎవరైనా పడితే ఏం చెయ్యాలో వందలమందికి నేర్పిన మనిషి, ఏం చెయ్యాలో తెలియక తండ్రి చొక్కా గుండీలు తడుముతున్నాడు.

నానమ్మ ప్రాణాలు కూడా ఒక్క క్షణం ఎగిరిపోయాయి. కాని ఆ ఢాం చప్పుడు చేసింది ఒళ్లు కాదు, నేల మీద చరిచిన అరచెయ్యి. ఆ చప్పుడు ఆవిడకు తెలుసు. ఒంగి చూసింది. తాతయ్య ఒక కన్ను కొంచెం తెరిచాడు.

"ఎవరూ కట్ చెప్పరేంటే?" అన్నాడు మెల్లగా. "కట్ చెప్పేదాకా లేవకూడదు."

"కట్!" అని అరిచింది నానమ్మ. "కట్, కట్! మీ వేషాలు మండిపోను, ఈ వయసులో ఈ దొర్లుడేంటండీ!"

"నేను కావాలని పడ్డానా? మొహం ముందు చెయ్యి ఊపితే ఒళ్లు దానంతటదే పడింది. ఏం చెయ్యను, అలవాటు." ఆయన లేచి కూర్చుని మోచెయ్యి రుద్దుకున్నాడు. మొహంలో ఒకటే సంబరం. "ఏం తల్లీ, బొమ్మేనా?"

పిల్ల ఏడుపూ నవ్వూ కలిసిపోయి తల అడ్డంగా ఊపింది. కొడుకు మాత్రం నవ్వలేదు. మోకాళ్ల మీద అలాగే ఉండి తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"తగల్లేదా?" అన్నాడు.

"నీ చెయ్యి నీకు తెలియదట్రా? తగిలినట్టనిపించిందా?"

"లేదు."

"మరి? బెత్తెడు దూరంలోంచి పోయింది. ఎప్పుడూ ఇంతే. ఆ టోపీవాడి గుద్దు ఉత్త గాలి. నేను పడితేనే అది దెబ్బ అయ్యేది."

"ఎప్పుడూ... ఒక్కటి కూడా తగల్లేదా నాన్నా?"

ఆ అడగడంలో గొంతు పెద్దవాడిది కాదు. నానమ్మకు చిరిగిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లవాడు కళ్లముందు కదిలాడు.

"ఏమైందిరా నీకు ఆ రోజు?" అని అడిగింది. అప్పుడు ఎన్నిసార్లు అడిగినా రాని జవాబు ఇప్పుడొచ్చింది.

"సీరియల్ వచ్చిన మర్నాడు బళ్లో ఇన్‌స్పెక్టర్ ఆట ఆడేవాళ్లమ్మా. ఒక్కొక్కడూ ఇన్‌స్పెక్టరే. దొంగవి నువ్వే, మీ నాన్న దొంగ కాబట్టి అనేవాళ్లు. గోడకు నిలబెట్టి వరసగా గుద్దేవాళ్లు. వాళ్లకు దూరంగా ఎలా గుద్దాలో తెలియదు కదా." కొడుకు నవ్వబోయాడు, రాలేదు. "నొప్పి నాకు పెద్ద లెక్క కాదు. నాకే ఇంత నొప్పిగా ఉంటే వారం వారం నాన్నకు ఎంత నొప్పిగా ఉంటుందో అనుకునేవాణ్ణి. ఇంటికొచ్చి నవ్వుతూ కూర్చుంటే, మాకోసం దాచుకుంటున్నాడు అనుకునేవాణ్ణి. అది నటన అని పెద్దయ్యాక తెలిసిందిలే. తెలిసినా ఆ సంగీతం వినపడితే కూర్చోలేను. సిగ్గు కాదు నాన్నా. నువ్వు పడటం చూడలేను."

చిక్కుడుకాయలు తివాచీ నిండా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

తాతయ్య మొహంలో సంబరం దిగిపోయింది. కొడుకు చెంపల్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నాకు తగలనివన్నీ నువ్వు తిన్నావట్రా, నా తండ్రీ!" అన్నాడు. ఎన్ని అంతస్తుల మీంచి పడినా ఏడవని మనిషి భోరుమన్నాడు. "ఒక్కమాట చెప్తే నీకు పడటం నేర్పేవాణ్ణి కదరా. వాడు చెయ్యి ఎత్తకముందే పడేలా నేర్పేవాణ్ణి!"

కొడుకు ఆయన భుజంలో మొహం దాచుకున్నాడు. నానమ్మ ఇద్దరి వీపులూ నిమిరింది. తనకూ కళ్లు కనపడటంలేదు. మనవరాలు వచ్చి ఎవరి పక్కన చోటుందో చూసుకుని వాళ్ల మధ్యలోకి దూరింది.

కాసేపటికి తాతయ్య ముక్కు తుడుచుకుని, "ఆ వీడియో తీసెయ్యమ్మా. నాకేం వద్దు," అన్నాడు.

"ఉండనీ," అన్నాడు కొడుకు. "ముందు నన్నొకసారి చూడనీ."

పిల్ల మెట్ల మీది దెబ్బను మళ్లీ పెట్టింది. తండ్రి భుజాలు బిగుసుకోవడం చూసి, తెర మీద దృశ్యం మెల్లగా కదిలేలా చేసింది. టోపీ ఇన్‌స్పెక్టర్ చెయ్యి నీళ్లలో తేలుతున్నట్టు నెమ్మదిగా వచ్చింది. చెంపకు ఇవతలే దారి మార్చి వెళ్లిపోయింది. చేతికీ చెంపకూ మధ్య వెనకాలి గోడ స్పష్టంగా కనపడింది. ఆ తర్వాతే మీసాల మనిషి తల తిరిగింది.

"తగల్లేదు," అన్నాడు కొడుకు. తల్లికి తెలియదన్నట్టు ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, చూశావా? తగల్లేదు," అన్నాడు.

"తగల్లేదు నాయనా," అంది నానమ్మ.

తర్వాత అతను చేపల బుట్టల భాగం పెట్టమన్నాడు. తర్వాత పిండి బస్తాలది. మూడోదానికల్లా అతనిలోని భద్రతాధికారి నిద్ర లేచాడు.

"ఆపు, ఆపు! ఆ పక్కన మేకులున్న చెక్క ఎవరు పెట్టారు నాన్నా?"

"వడ్రంగి మర్చిపోయాడ్రా."

"మర్చిపోతే? పని ఆపించాలి! అట్టపెట్టెలు ఎన్ని వరసలు వేశారు? ఒక్కటేనా? తలకేమీ కట్టుకోలేదా? ఆ టోపీ ఏదో నీకు పెట్టుండొచ్చు కదా, వాడికెందుకు?"

"వాడిది కదిలితే కదా నాకివ్వడానికి!"

పిల్ల కిసుక్కున నవ్వి ఫోనును మెల్లగా వాళ్ల వైపు తిప్పింది. అది తీస్తున్నట్టు తండ్రికి తెలుసు. వద్దనలేదు. పెళ్లి కేకులో పడే భాగం వచ్చేసరికి అతను కడుపు పట్టుకుని తివాచీ మీద దొర్లాడు. "ఎంతైనా కేకు చాలా భద్రమైన వస్తువు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

మధ్యాహ్నం భోజనానికని కోడలు దుకాణం నుంచి వచ్చింది. పొయ్యి వెలిగించలేదు. నేల నిండా చిక్కుడుకాయలు. మావగారు సోఫా మీద నిలబడి ఏదో చూపిస్తున్నారు, వద్దనాల్సిన మొగుడు కింద కూర్చుని చూస్తున్నాడు. అతని కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఏమైందండీ? ఎవరైనా పడ్డారా?" అంది కంగారుగా, గుమ్మంలోనే నిలబడిపోయి.

అతను పక్కకు జరిగి తివాచీ మీద ఆమెకు చోటిచ్చాడు.

"ఇలా వచ్చి కూర్చో," అన్నాడు. "మా నాన్నని చూపిస్తాను."